కాగితం లేని పేపరు

మా పెద్దోడు పోయిండని పక్కింటోళ్ల ఫోనుకు దవాఖాన నుంచి కబురొచ్చింది. కోడలే చెప్పింది, "అత్తమ్మా, గుండె ఆగిపోయిందంటున్నరు" అని. "ఎవరిదే?" అని అడిగిన. నేనన్న ఆ మాట ఇప్పటికీ నా చెవులల్లనే ఉన్నది.

పేపరు చదివే మీకు వాడు ఎడిటరు. నాకు కొడుకు. చిన్నప్పుడే బడి మానేసిన నేను, వాని పుస్తకాలు పట్టుకొనే కూడబలుక్కొని చదువుడు నేర్చిన. పొద్దున పేపరు పడంగనే చాయ్ గూడ ముట్టకుండ ఎర్ర పెన్ను పట్టుకొని కూసునేటోడు. సొంత పేపర్ల తప్పు దొరికితే ఇగ ఆనాడంత ముఖం మాడ్చుకునుడే. "అచ్చు పడ్డంక సిగ్గుపడుడే అమ్మా, దిద్దుడు లేదు" అనేటోడు. ఇప్పుడు వాకిట్ల పేపరు పడ్డ సప్పుడైతే లోపల కుర్చీ జరిగినట్లు ఇనవడ్తది. పోయి చూస్తే ఎవ్వరుండరు.

మాదాపూర్‌ల అద్దాల బంగ్లలు లేస్తున్నప్పుడు వాన్ని కంప్యూటర్ల చదివే పేపరుకు పెద్దగ పెట్టిన్రు. మా కొండాపూర్‌కు దగ్గరే గదా అని సంబరపడ్డ. మునుపు వాని అంగీలకు అచ్చు మసి అంటేది, ఇప్పుడు ఉతుకుదామంటే అసలు మసే లేదు.

"పనికే పోతున్నవారా, యాడన్న తిరుగుతున్నవా?" అన్న.

"కాగితమే లేదమ్మా, మసి యాడిది?"

"కాగితం లేకుంటే మిర్చీలు దేంట్ల కడ్తర్రా?"

"అందుకే ఎవ్వడు కొంటలేడే!" అని పడిపడి నవ్విండు.

ఒకనాడు బువ్వ కలుపుకుంట ఆగిపోయిండు. "దీంట్ల తప్పు దిద్దొచ్చు, వార్తే తీసెయ్యొచ్చు. పొద్దున ఉన్నది మాపటికి ఉండదు. నేను నిజంగ రాసిన్నా అనిపిస్తదమ్మా" అన్నడు.

"సల్లారుతది, తిను బిడ్డా" అన్న.

వాడు పోయినంక కాగితం పేపర్ల వాని గురించి నాలుగు ముక్కలేసిన్రు. కంప్యూటర్ల మాత్రం పేజీ నిండ రాసినం, ఫోటో పెట్టినం, కొత్త వార్తలొస్తే తీసేస్తమని ఆఫీసోళ్లు చెప్పిన్రు. తీసేసేలోపు చూడాలె. దినాలు గాకముందు గడప దాటొద్దన్నరు పెద్దలు. అయినా కోడల్ని తీసుకొని రోడ్డు మీది ఇంటర్నెట్ దుకాణానికి పోయిన.

పేజీ తెరుసుకున్నది. అన్నీ గీతలు, సున్నలు. కూడబలుక్కుందామంటే ఒక్కటన్న తెలుగు అక్షరం లేదు.

"మా కంప్యూటర్లో తెలుగు అక్షరాలు ఎక్కించలేదండీ" అన్నడు దుకాణమాయన, కోస్తా మనిషి. "ఫోటో వస్తుందమ్మా, కాస్త ఆగండి."

ఫోటో పైనుంచి గీత గీతగ దిగవట్టింది. ముందుగాల జుట్టు. ఎన్క నుదురు. కండ్లు. ఆడ ఆగింది.

"లైను పోయిందమ్మా. మళ్లీ మొదట్నించి తెస్తాను" అని చెయ్యి పెట్టబోయిండు.

"వద్దు నాయినా, జర ఉండనియ్యి" అన్న. పోయింది మళ్ల వస్తదని నమ్మకమేంది?

కోడలు నా భుజం పట్టుకున్నది. ఫోటోల కండ్ల కింద అంత తెల్లగ ఉన్నది. వాడు నా దిక్కే సూస్తుండు. నోరు ఇంక రాలే.