తెర వెనక మూడంకెలు

గ్రాఫులు గీసే కాలిక్యులేటరుని చోడవరంలో మా వీధికి మొదట తెచ్చింది మా మావయ్యే. ఓడ మీద ఉద్యోగం వాడిది. తొంభైల నాటి మాట. బటను నొక్కితే బుల్లి తెర మీద గీత మెలికలు తిరుగుతూ పోయేది. చూడ్డానికి పక్కింటివాళ్లు వస్తే, అదేదో నేనే కనిపెట్టినంత పోజు కొట్టేదాన్ని. ఇప్పుడు ఫోనులో అన్నీ ఉన్నాయిగానీ, ఆ ముచ్చట లేదు.

అప్పుడే అమ్మకి టైఫాయిడ్ తగ్గింది. అమ్మ దేవరాపల్లి బళ్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది. జ్వరానికి జుట్టు సగం ఊడిపోయినా దిగులుపడలేదు. బుర్ర మొద్దుబారిందేమోనన్నదే ఆవిడ భయం. సోమవారం బడికి వెళ్లాలి. "బోర్డు దగ్గర తడబడితే పిల్లలు నవ్వుతారే" అనేది.

తనని తనే పరీక్షించుకుందామని కాలిక్యులేటరు అందుకుంది. రెండుకి వర్గమూలం కట్టి, వచ్చినదాన్ని వర్గం చేస్తే మళ్లీ రెండు రావాలి. లాగరిథమ్ పట్టికలతో పెరిగిన తరం కదా, ప్రతి మెట్టూ కాగితం మీద రాసుకోందే ఆవిడ చెయ్యి కదలదు. తెర మీద 1.414213562 వచ్చింది. రాసుకుని, తెర తుడిచేసి, కాగితం చూసి ఆ అంకెలే కొట్టి వర్గం చేసింది. 1.999999999 వచ్చింది. మావయ్య దాన్ని లాక్కుని, మధ్యలో తుడవకుండా వరసగా నొక్కేశాడు. నిక్షేపంలా రెండు వచ్చింది.

"అక్కా, జొరం బుర్రకెక్కిందేటి?" అని నవ్వాడు.

వాడు సరదాకే అన్నాడు. అమ్మ ముఖం మాత్రం వాడిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే వచ్చింది.

"అది సూపించినవీ ఈ పదంకెలే, నేను కొట్టినవీ ఈ పదంకెలే. దానికి రెండొస్తంది, నాకు రాదేటి? నేనే ఏదో తప్పు నొక్కుతన్నాను. సోమవారం నేనెల్లనురా" అంది.

మావయ్య మీద నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ మహా మొండిది. భోజనాలయ్యాక మళ్లీ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒసే, ఇలా రా. ఇది సూపించినదాన్ని ఇందులోంచే తీసేస్తే సున్నా మిగలాలి కదా?"

"మిగలాలి" అన్నాను.

వర్గమూలం కట్టి, తుడవకుండా, తెర మీద కనపడే పదంకెలనీ అందులోంచి తీసేసింది. సున్నా రాలేదు. దశాంశాల చిట్టచివర, ఎక్కడో మారుమూల, 373 మిగిలింది.

అమ్మ ఆ మూడంకెల్నీ కాగితం మీద, ఇందాకటి పదంకెల పక్కన రాసుకుంది. తర్వాత వీధి వినపడేలా అరిచింది.

"ఒరే, రారా ఇలా! పదంకెలు సూపించి, వెనక ఇంకో మూడు దాచుకుందిరా దొంగముండ! నువ్వు వాటితో కలిపి చేసేవు. నేను కాగితం మీద రాసుకున్నప్పుడు అవి రాలిపోయేయి. నా బుర్ర బాగానే ఉందిరా!"

జ్వరం వచ్చాక అమ్మ పగలబడి నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చేసింది. మావయ్య తల గోక్కుంటూ నిలబడ్డాడు.

సోమవారం దేవరాపల్లి బస్సులో సీటు దొరక్క నిలబడే వెళ్లింది. కింద నుంచి నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, నా వైపు చూస్తేనా! అప్పటికే పక్కావిడకి దశాంశాల పాఠం మొదలెట్టేసింది.