ఎవరి ఈనె వాళ్ళే తియ్యాలి

మా లైబ్రరీ మేష్టారు పోయారు. ఆ కబురు నాకు ఫోన్లో రాలేదు. పొద్దున్నే జిరాక్సు షాపు తలుపు తీస్తుంటే, కొబ్బరి దింపులు తీసే తాతగారు మోకు భుజాన వేసుకుని వచ్చి మెట్టు దగ్గర ఆగిపోయారు. "మేష్టారు లేరంటమ్మా. అమలాపురం ఆసుపత్రిలోనే పోయేరంట" అని, అక్కడే కూలబడ్డారు. ఎంత ఎత్తు చెట్టైనా ఎక్కే మనిషి, నా షాపు మెట్టు మీంచి లేవలేకపోయారు. నేను మాత్రం ఏడవలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. మరి సభో, అనుకున్నాను.

ఆ సభ సంగతి చెప్పకపోతే మీకు మా మేష్టారు అర్థం కారు. ఏటా రాష్ట్రమంతా ఒకే పుస్తకం చదివే కార్యక్రమం ఒకటుంది. రాజోలు దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయానికి ఎనిమిది ప్రతులు వస్తాయి. అవి మూడు నెలలు ఇంటింటికీ తిరగాలి. ఆఖర్న ఒకే ఆదివారంనాడు ఊరూరా బహిరంగ సభ పెట్టి, చదివినవాళ్ళు నలుగురిలో మాట్లాడాలి.

మేష్టారంటే బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కాదు. గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం. రిటైరయ్యాక కూడా తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేది, ఎందుకంటే ఆ గ్రంథాలయం ఆయన ఇంటి ముందుగదిలోనే ఉంది. వెనక గదుల్లో కాపురం, మధ్యలో ఒక తలుపు. తలుపు వెనక పిన్నిగారు, అంటే మేష్టారి భార్య, పోపు పెడితే ఇవతల పేపరు చదివేవాళ్ళంతా వరసగా తుమ్మేవారు. "చదువు ఒంటబడుతున్నట్టుందండీ" అనేవారాయన.

మొదటి ఏడు సభలో ఒక్కరూ నోరు విప్పలేదు. మా వైపు మర్యాద కాస్త ఎక్కువ. మీరు చెప్పండంటే, అబ్బే, మీరుండగా నేనా అండీ అని పక్కవాళ్ళకి వదిలేస్తాం. అలా గంటసేపు ఒకరినొకరు బతిమాలుకుని, టీలు తాగి లేచిపోయాం. మేష్టారు ఎవరినీ ఏమీ అనలేదు. మరుసటి ఏడు పుస్తకాలు రాగానే కొబ్బరి ఈనెల చీపురు ఒకటి విప్పి, పుస్తకం తీసుకువెళ్ళే ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక ఈనె పెట్టారు.

"చదువుతా చదువుతా ఎక్కడ పుస్తకం మూసి గోడకేసి చూసేరో, అక్కడ పెట్టండి. ఒక్కటే. తరవాత చదివేవాళ్ళు దాన్ని కదపకూడదు. ఎవరి ఈనె వాళ్ళే తియ్యాలి."

ఇదేం పద్ధతండీ అని నేనే అడిగాను. ఆయన నవ్వి, "మాట లేక కాదమ్మా ఊరుకునేది. ఎక్కడో ఇరుక్కుంటది. పంట్లో ఇరుక్కున్నది తియ్యడానికి మనింట్లో ఈనె కాక ఇంకేవుంది?" అన్నారు.

ఎవరి ఈనెకి వాళ్ళ గుర్తు ఏర్పడిపోయింది. తాతగారు చివర ముడి వేస్తారు. కుట్టుమిషను వదినగారు ఎర్రదారం చుడుతుంది. నాది కొస కొరికి ఉంటుంది, అది నా అలవాటు, మా అత్తగారు ఎంత తిట్టినా పోలేదు. సభరోజున మేష్టారు ఉపన్యాసం ఇచ్చేవారు కాదు. ఈనెలున్న పేజీ తెరిచి, నెమ్మదిగా చదివి, "ఇక్కడ ముగ్గురు ఆగేరండీ" అని ఊరుకునేవారు. ఎవరెవరన్నది చెప్పేవారు కాదు. ఆ ముగ్గురిలో ఒకరు ఎప్పటికో గొంతు సవరించుకునేవారు. ఆపైన ఆపడం కష్టమయ్యేది.

నాకు భయం ఎక్కువని మీకీపాటికి తెలిసే ఉంటుంది. బస్సెక్కితే దిగే స్టాపు దాటిపోతుందేమోనని ముందు స్టాపులోనే లేచి నిలబడతాను. మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ, ముందు ఏమైందీ అని అడిగి, తర్వాత ఎలా ఉన్నారూ అంటాను. మేష్టారు మాత్రం కొత్త పుస్తకం ఏది వచ్చినా ముందు నాకే ఇచ్చేవారు. "భయమున్నవాళ్ళకే ఇవ్వాలమ్మా. వాళ్ళయితే పేజీ చిరగనివ్వరు" అనేవారు. నా భయానికి ఒక ఉపయోగం ఉందన్న మనిషి నా బతుకులో ఆయనొక్కరే.

కిందటేడు సభలో ఒక పేజీ నన్ను చదవమన్నారు. మైకు ముందు నిలబడ్డాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, గొంతు మాత్రం రాలేదు. అంతలో మైకు గుర్రుమని ఆగిపోయింది. మేష్టారు లేచి, "మైకు పోయిందండీ, అమ్మాయి తప్పేం లేదు" అని నన్ను కూర్చోబెట్టారు. ఆ మైకుకి ఏడాదంతా మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఈ ఏడు పుస్తకం ఉప్పుమళ్ళు చేసుకునే అన్నదమ్ముల కథ. అది ఊళ్ళో సగం ఇళ్ళు తిరిగేసరికి మేష్టారికి జబ్బు చేసింది. ఆసుపత్రిలో చూడ్డానికి వెళితే, నా చెయ్యి పట్టుకుని, "సభ నువ్వు చూసుకోవాలమ్మా" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళు ఏదన్నా చెబుతుంటే మధ్య మధ్యలో ఆయ్, ఆయ్ అంటూనే ఉంటాం, అది అలవాటు. ఏ మాటకి ఆయ్ అన్నానో బస్సులో కూర్చున్నాక గాని తెలియలేదు. తిరిగి వెళ్ళి, నావల్ల కాదండీ అని చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటుండగానే ఆయన వెళ్ళిపోయారు. పోయిన మనిషికి ఇచ్చిన మాట ఎవరితో చెప్పి వెనక్కి తీసుకుంటాం?

పెద్దకార్యం అయ్యేసరికి సభకి ఐదు రోజులున్నాయి. జిల్లా గ్రంథాలయంనుంచి ఉత్తరం వచ్చింది, సభకి ఒక ఆఫీసరుగారు వస్తున్నారని. చదివినవాళ్ళు మాట్లాడని చోట్ల వచ్చే ఏడునుంచి పుస్తకాలు ఇవ్వరట, రాజోల్లోనే ఉంచేస్తారట. ఆ ఉత్తరం చదివినప్పటినుంచీ నాకు అన్నం సహించలేదు. ఇల్లిల్లూ తిరిగి ఏడు ప్రతులు పోగుచేశాను. ఎనిమిదోది మేష్టారి మంచం మీద ఉంటే పిన్నిగారు తలుపు సందులోంచి అందించారు. ఆఫీసరు చూసి ఏమంటారోనని ఎనిమిదింటికీ కొత్త అట్టలు వేశాను. దుమ్ము దులిపాను. చివర్లు మడతపడిన పేజీలు సాపు చేశాను. అంతే కాదు, లోపల అడ్డదిడ్డంగా ఉన్న ఈనెలన్నీ లాగేసి పెరట్లో పడేశాను.

అవును, నేనే. ఎవరి ఈనె వాళ్ళే తియ్యాలని తెలిసిన నేనే.

సాయంత్రం, సభలో ఏ పేజీ చదవాలో చూద్దామని ఒక పుస్తకం తెరిచాను. ఎక్కడా ఏమీ లేదు. కొత్తగా కొన్నట్టు ఉంది. అప్పుడు తెలిసింది ఏం చేశానో. మూడు నెలలపాటు ఊరంతా ఎక్కడెక్కడ ఆగిందో మొత్తం నా చేత్తో తుడిచేశాను. పరుగెత్తుకుని వెనకవైపు వెళితే మా అత్తగారు నీళ్ళపొయ్యి దగ్గర కూర్చుని ఆ ఈనెలకి రబ్బరుబ్యాండు వేస్తున్నారు. "ఇంకో గుప్పెడుంటే సిన్న చీపురవ్వును గదే" అన్నారు. ఆవిడ పొదుపరితనం మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ పూట మాత్రం కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఈనెలు దొరికాయి గాని పేజీలు దొరకలేదు. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి అడుగుదామని బయల్దేరాను. కుట్టుమిషను వదినగారింట్లో మజ్జిగ ఇచ్చారు. తాగి, మీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగి వచ్చేశాను. తాతగారింట్లోనూ అంతే. మేష్టారు చెప్పిన ఒక్క నియమం నేనే తప్పానని చెప్పడానికి నోరు రాలేదు. మిగతా ఇళ్ళకి వెళ్ళనే లేదు. శనివారమంతా జ్వరం వస్తే బాగుణ్ణనుకున్నాను. రాలేదు.

ఆదివారం సాయంత్రం గ్రంథాలయం ముందు షామియానా వేశారు. జనం బాగానే వచ్చారు. ఆఫీసరుగారు ముందువరసలో కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్య తలుపు ఓరగా వేసి ఉంది. పిన్నిగారు ఇంకా బయటికి రావడం లేదు, మా వైపు అది ఆచారం. నేను మైకు దగ్గరికి వెళ్ళి, వైర్లు సర్దుతున్న ఆయన్ని, "ఈసారైనా పోదు గదండీ?" అని అడిగాను. పోతే బాగుణ్ణని లోపల ఆశ.

ఆయన నాకేసి చూసి గొంతు తగ్గించి, "పోయినేడు కూడా పోలేదండి. మేష్టారే కాలితో వైరు లాగేసేరు. మీకు సెప్పద్దన్నారు. ఇంకిప్పుడు సెప్పినా పర్లేదనుకుంటానండి" అన్నారు.

మేష్టారు పోయిన ఇన్ని రోజులకి నాకు ఏడుపు వచ్చింది. అదీ మైకు ముందు, ఊరందరి ఎదురుగా. ఈసారి వైరు లాగడానికి ఆయన లేరు. చెంగుతో కళ్ళు తుడుచుకుని, గ్లాసులో నిలబెట్టి తెచ్చిన ఈనెలు బల్లమీద పెట్టాను.

"నేను తప్పు చేసేనండీ. పుస్తకాలు శుభ్రం చేద్దామని మీ ఈనెలన్నీ తీసేసేను. ఎవరిదెక్కడుందో నాకు తెలీదు. మీరే వచ్చి పెట్టుకోవాలండీ" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నారు. నా గుండె చప్పుడు మైకులో వినిపిస్తుందేమోనని పక్కకి జరిగాను. అప్పుడు తాతగారు లేచారు. గ్లాసులోంచి ముడి ఉన్న ఈనె ఏరుకుని, ఒక పుస్తకం తీసి, ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ చాలాసేపు వెతికారు. తనతో మాటల్లేని తమ్ముడి కోసం అన్న ఉప్పుమడి గట్టుమీద నీళ్ళకుండ పెట్టి వెళ్ళిపోయే చోట ఆగారు. ఈనె పెట్టారు.

"మా తమ్ముడితో నాకూ మాటల్లేవండి. కొబ్బరిచెట్టు హద్దు దగ్గర గొడవొచ్చింది. పైనుంచి చూస్తే ఆడి ఇల్లు కనపడతాది. రోజూ చూస్తానండి." "అంతేనండి" అని వెళ్ళి కూర్చున్నారు.

తర్వాత ఎర్రదారం వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి, బల్ల చుట్టూ మూగారు. మీరు చెప్పండంటే మీరు చెప్పండనడానికి వీల్లేకపోయింది, ఎవరి ఈనె వాళ్ళ చేతిలోనే ఉంది మరి. నేను కూడా కొరికిన ఈనె తీసుకుని నా పేజీ చదివాను. గొంతు వణికింది గాని వచ్చింది. ఆఫీసరుగారు రాయడం మానేసి వింటున్నారు.

చివరికి గ్లాసులో ఒక ఈనె మిగిలింది. పొడుగ్గా, ముడీ దారం ఏమీ లేకుండా. మేష్టారిది. ఆయన ఎక్కడ ఆగారో చెప్పేవాళ్ళు లేరు. నా తప్పు అక్కడ మాత్రం దిద్దుకునే దారి లేదనుకున్నాను.

మధ్య తలుపు కాస్త తెరుచుకుంది. "అదిలా తే అమ్మాయ్. ఆయన పుస్తకం కూడా" అన్నారు పిన్నిగారు.

తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ గడపకి లోపలే కూర్చున్నారు. "ఈ పుస్తకం వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి అక్షరాలు ఆనలేదు. ఎవరికీ చెప్పద్దన్నారు. నేను చదివితే వినేవోరు. ఆసుపత్రికి తీసుకెళ్ళేముందు ఇక్కడాపేం" అంటూ తడుముకోకుండా ఆ పేజీ తెరిచి ఈనె పెట్టారు. ఇంకా పాతిక పేజీల దాకా మిగిలి ఉన్నాయి.

మేమంతా ఆవిడేదో చెబుతారని చూస్తున్నాం. ఆవిడ చెప్పలేదు. ఆపిన చోటునుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. మైకు అందించబోతే వద్దన్నారు. కుర్చీలన్నీ చప్పుడు కాకుండా ముందుకి జరిగాయి. నేను నిలబడ్డ చోటికి తలుపు సందులోంచి ఆవిడ చెయ్యి ఒక్కటే కనబడుతోంది. పేజీ అయినప్పుడల్లా ఆ చెయ్యి ఈనె తీసి, పేజీ తిప్పి, మళ్ళీ అక్కడ పెడుతోంది.