డుమస్‌లో చిలకల అంచు చీర

ఫ్లెక్సీ వాడి మీద నాకు చాలా కోపంగా ఉంది. ఫోటో ఇచ్చి, ముఖం కాస్త తేటగా చెయ్యమంటే పెదాలకు ఎర్రరంగు కూడా పూశాడు. పరాయి రాష్ట్రంలో మేం బతకడానికి వచ్చిన బమ్రోలి పేటలో, మా గల్లీ మొదట్లో వేలాడుతున్న ఆ బొమ్మను చూస్తే ఎవరో సినిమా మనిషి పోయిందనుకుంటారు. పోయింది మా ఇంటామె. పోయిన సోమవారం పొద్దున, చేతిలో కత్తెర ఉండగానే ఒరిగిపోయింది.

ఆమె ఇంకా చాప మీదనే ఉంది, ఇంటింటికీ పనికి చీరల మాలు పంచే మనిషి వచ్చాడు. దండం పెట్టాడు. తర్వాత మెల్లగా, "కాకా, చిన్నమ్మ దగ్గర సగం మూట ఉన్నది గద. జర ఇస్తే పక్కింట్ల ఏస్త" అన్నాడు. ఇచ్చాను. పొద్దుగూకేలోపు ఆ చీరలు వేరే చేతుల మీదుగా బజారుకు పోయాయి.

మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేసిన చీరకు వెనకవైపు దారాలు వేలాడుతుంటాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించాలి. ఇరవై ఏళ్లు ఆమెది అదే పని. నేను మగ్గం నడిపాను. ఇంట్లోంచి అన్ని చీరలు పోయాయి గానీ ఒక్కటీ ఆమె ఒంటిమీదికి ఎక్కలేదు.

"చీరెలకు కటింగ్ షాపు పెట్టినవే" అని ఏడిపించేవాణ్ని.

"నీ నాలిక గూడ జర బయట పెట్టు, కోస్త" అనేది తలెత్తకుండా.

ఆమెకు కోరిక ఒక్కటే ఉండేది. "నేను కోసిన చీరె ఎవలన్న కట్టుకుంటే ఒక్కపారి చూడాలె."

పోయిన చలికాలం, మగ్గాలు బంద్ ఉన్న రోజు ఇద్దరం ఊరు చూడ్డానికి బయల్దేరాం. ఇన్నేళ్లలో అదే మొదలు. ముందు తాపీ నది ఒడ్డున కోటకు పోయాం. ఒకప్పుడు బట్టల కోసం దేశదేశాల ఓడలు ఈ రేవుకు వచ్చేవని అక్కడి కాపలాదారు చెప్పాడు. ఆమె గోడల మీది బొమ్మలన్నీ చూసింది.

"రాజులున్నరు, సేట్లున్నరు. దారాలు కోసినోళ్లు ఏడున్నరయ్యా?"

"బొమ్మ వెనక ఉంటరే, తిప్పి చూడు" అన్నాను. నవ్వలేదు.

తర్వాత డుమస్. ఇసుక నల్లగా, సముద్రం బురదరంగులో ఉన్నాయి. ఆమె నీళ్లవైపు రెండు నిమిషాలు కూడా చూడలేదు. వచ్చిపోయే ఆడవాళ్ల అంచులే చూస్తూ తిరిగింది. ఒక పిల్ల కొంగుకు దారం వేలాడుతుంటే వెనక నుంచి పోయి పళ్లతో కొరికేసింది. ఆ పిల్ల కెవ్వుమంది. ఈమె ఎవరో నాకు తెలియనట్టు నేను ముఖం తిప్పుకున్నాను.

పొద్దు వాలే వేళకు అలసిపోయి కూర్చుంది. నేను టమాటా బజ్జీలు తెచ్చేసరికి, బండి దగ్గరున్న ఒకామె వైపు వేలు చూపించింది. ఆకుపచ్చ చీర, చిలకల అంచు.

"అయ్యో, గవి వానకాలం మూటల చిలకలు! గిసొంటివి శానా ఇండ్లల్ల కోసిండ్రు గని... అడుగుదామా?"

అడిగింది. ఆ చీర కట్టుకున్నామె నవ్వి హిందీలో చెప్పింది: "సలాబత్‌పురా బజార్లో కొన్నాను మాసీ. దారాలు బమ్రోలిలో కోశారట."

మా ఇంటామె ఆ కొంగు తిప్పి, వెనకవైపు బొటనవేలితో రాసి చూసింది. "ఒక్క పోగు లేదు సూడు. నాదే."

ఆ తర్వాత ఎవరైనా సముద్రం ఎట్లున్నదని అడిగితే, "పచ్చగున్నది, చిలకలున్నయి" అని చెప్పేది.

ఇక దాచి లాభం లేదు. బజ్జీల కోసం వెళ్లినప్పుడు ఆ చీరను నేనే ముందు చూశాను. అడిగితే, అత్తగారు పెట్టిన చీర, ఏ ఊరిదో తెలియదంది ఆ కట్టుకున్నామె. సలాబత్‌పురా, బమ్రోలి అనే మాటలు నేనే నేర్పి వచ్చాను. బస్సెక్కాక చెప్పి ఆటపట్టిద్దామనుకున్నాను. కానీ మా ఇంటామె దారి పొడవునా, ఆ కొంగు ఇంకా చేతిలోనే ఉన్నట్టు, బొటనవేలితో వేళ్ల కొసలు రాసుకుంటూ కూర్చుంది.