శుక్రవారం పన్నెండు దాకా ఆగిన మెయిల్

పిల్లలూ, దెయ్యాల మాట ఎత్తితే మన ఇంట్లో మొదట నవ్వేది నేనే. చచ్చినవాళ్ళు తిరిగొస్తారంటే ఇవాళ్టికీ నమ్మను. కానీ మొన్న ఫోన్‌లో చిన్నవ్వ సంగతి అడిగారు కదా. మీరేమో అంత దూరాన ఉన్నారు, ఫోన్‌లో చెప్తే తెగే కథ కాదు ఇది. అందుకే రాస్తున్నాను.

చిన్నవ్వ అంటే నా చెల్లెలు నాగవేణి. నగర్తపేటలో ఒక ఇరుకు గదిలో కూర్చొని, గ్రాఫు కాగితం మీద పట్టుచీరల అంచులు గీసేది. హంసలు, మామిడి పిందెలు, గోపురాలు. గడి గడికీ రంగు నింపేది. మగ్గం మీద అవే జరీ పువ్వులయ్యేవి.

ఆ అంచులు కొనే చిక్కపేట చీరల కొట్లోనే నేను ఆఫీసు పని చేసేదాన్ని. ఓనరును పెద్దాయన అనేవాళ్ళం. ఆయనకు ఒక్కటే పట్టింపు. రాహుకాలంలో కొట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. చీరల మూట పోకూడదు, ధర చెప్పకూడదు, చివరికి మెయిల్ కూడా పోకూడదు.

అందుకని కంప్యూటర్లన్నిటిలో నేనే ఒక ఏర్పాటు చేశాను. ఆ గడియలో ఎవరు మెయిల్ పంపినా అది ఔట్‌బాక్స్‌లో ఆగిపోతుంది, గడియ దాటాక వెళ్తుంది. ఆలోపు మనసు మారితే తీసేయవచ్చు. కంప్యూటర్ ఆపేస్తే ఇక ఎక్కడికీ పోదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పెద్దాయన అల్లుడు మురళి. కొత్త చీరల క్యాటలాగ్‌లో నాగవేణి అంచులన్నిటికీ తన పేరు వేసుకున్నాడు. ఒక శుక్రవారం నాగవేణి కొట్టుకు వచ్చి, బేరగాళ్ళ ముందే అతన్ని నిలదీసింది. మురళి ముఖం ఎర్రబడింది. పైగదికి వెళ్ళి, మాతో వ్యాపారం చేసే కొట్లన్నిటికీ, మా కొట్లోవాళ్ళకీ మెయిల్ కొట్టాడు, ఏం రాశాడో మెట్ల మీంచి అందరికీ వినిపించాడు. "మా డిజైన్లు దొంగిలించి బయట అమ్ముకున్న మనిషి నాగవేణి. ఈ మనిషికి పని ఇవ్వకండి." అంతే.

అప్పుడు రాహుకాలం నడుస్తోంది. పన్నెండు దాకా మెయిల్ కదలదు. అతని కంప్యూటర్ నా చేతిలో లేదు, పాస్‌వర్డ్ అతనొక్కడికే తెలుసు, ప్లగ్గు పీకినా మళ్ళీ పెట్టి పంపుతాడు. పెద్దాయన ఊళ్ళో లేడు, ఫోన్ ఎత్తలేదు. నాగవేణి పైకెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. నేను వెనకే ఉన్నాను.

"ఇంగా పోలేదంట గదప్పా. తీసెయ్‌ప్పా. నాకు గీసేది తప్ప ఇంగేమొస్తాది?"

"యాల తొందర? పన్నెండు కొట్టనీ," అన్నాడు మురళి, కుర్చీలో వెనక్కి వాలి. "రాహుకాలం పోయినంక మంచి గడియలో పోతాది నీ పేరు. సుమ్నే గమ్మున కూర్చో. కాఫీ తాగుతావా?"

మా చెల్లెలు కూర్చోలేదు. గడియారం కింద అట్లాగే నిలబడింది. కాఫీ వచ్చింది, అతను తాగాడు. మెయిల్ వెళ్ళిపోయింది. అప్పుడు నాగవేణి మెల్లిగా, "నీదీ ఒగ దినం ఇట్లే ఆగుతాది లేప్పా. నువ్వూ కూర్చొని చూస్తావు," అని మెట్లు దిగింది.

పెద్దాయన తిరిగొచ్చాక మొత్తుకున్నాను. అల్లుడి మాటే నమ్మాడు. ఆ తర్వాత నాగవేణికి ఏ కొట్టూ పని ఇవ్వలేదు. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో చొక్కాల దారాలు కత్తిరించే పనికి వెళ్ళింది. జరీ పువ్వులు గీసిన చెయ్యి అది. కామెర్లు వచ్చాయి, వానాకాలం దాటలేదు. దాని జీవితంలో కంప్యూటర్ ముట్టుకున్నది లేదు.

నేను కొట్లో పని మానలేదు. మానితే మురళి సుఖంగా ఉంటాడు. రోజూ నమస్కారం పెట్టేదాన్ని, నా ముఖం రోజూ చూడనీ అని.

మరుసటి శ్రావణమాసం. శుక్రవారం, కొట్టు నిండా జనం. పట్టపగలు. మురళి పైనుంచి నన్ను కేకేశాడు. వెళ్ళి చూస్తే ఔట్‌బాక్స్‌లో ఒకటే మెయిల్ ఉంది. వెళ్ళే టైము పన్నెండు. అతను తన కంప్యూటర్‌లో నా ఏర్పాటు ఎప్పుడో తీసేశాడు. అంటే అసలు ఏ మెయిలూ అక్కడ ఆగకూడదు.

తెరిచి చూపించాడు. అదే పాత మెయిల్. అవే మాటలు, అవే కొట్లు. పేరొక్కటే వేరు. "మా డిజైన్లు దొంగిలించి బయట అమ్ముకున్న మనిషి మురళి."

"నేను రాయలేదక్కా ఇది. తీస్తే మళ్ళీ వస్తాండాది. నువ్వే గదా ఇవన్నీ పెట్టిండేది, తీసెయ్ అక్కా."

నా కళ్ళ ముందే తీశాడు. మళ్ళీ వచ్చింది. పేరు చెరిపి నాగవేణి అని కొట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా మురళి అయింది. నేను గడియారం వైపు చూశాను.

"పన్నెండు కొట్టనీ అప్పా," అన్నాను. "కాఫీ తాగుతావా?"

అవ్వ ఇంత కఠినమా అనుకుంటారేమో. అనుకోండి.

అతను లేచి ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది. వైరు చేతిలో పట్టుకొని కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరం గడియారమే చూస్తూ ఉన్నాం. పన్నెండు అయింది. నా చేతిలో ఫోన్ మోగింది. కింద పెద్దాయన ఫోన్ మోగింది. ఆ వెంటనే వీధి అవతలి కొట్లోంచి ఎవరో పెద్దగా నవ్వారు.

పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. "ఏమప్పా ఇది? నీ మెయిల్‌లో నువ్వే రాసుకున్నావా?"

వైరు ఇంకా మురళి చేతిలోనే ఉంది. "ఆమెవే మామా. అంచులన్నీ ఆమెవే," అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు.

ఆ సాయంత్రమే పెద్దాయన అతన్ని కొట్టు నుంచి పంపేశాడు. చిక్కపేటలో మరే కొట్టూ అతన్ని రానివ్వలేదు. నాకు జాలి వేయలేదు. ఇప్పుడూ లేదు.

కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి రెండు రోజులు వెతికాడు. మెయిల్ ఆ కంప్యూటర్ నుంచే వెళ్ళిందన్నాడు. ప్లగ్గు లేకుండా ఎట్లా వెళ్ళిందో చెప్పలేకపోయాడు. పంపిన మెయిళ్ళలో దాని జాడే లేదు. మా ఫోన్లలో మాత్రం ఉంది. నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది, వస్తే చూపిస్తాను.

కొట్లో అందరూ నన్నే అనుమానించారు. మీరూ అనుమానిస్తారు. నాకూ దానికి అర్థం తెలియదు, దెయ్యమని అనలేను, కాదనీ అనలేను. ఒక్క మాట మాత్రం నమ్మండి. అది నేనే చేసి ఉంటే, చిక్కపేట వీధిలో నిలబడి నేనే చేశానని అరిచి చెప్పుకునేదాన్ని. నా చెల్లెలి పని అది ఒక్కతే చేసుకుంది. నా చెయ్యి అందులో లేదనే నా బాధ.