గోదాంలో ఆకుపచ్చ డబ్బా

మిర్యాలగూడ బస్సులో మా నాయిన కాళ్ల దగ్గర పెట్టుకున్న గోనెసంచి ప్రతి గుంతకూ ఖంగుమంటుంటే నాకు ఒళ్లు మండింది. "ఏముంది నాయినా అండ్ల?" అంటే "ఏం లేదు తియ్" అన్నాడు. అసలే నిద్ర లేక చిరాగ్గా ఉన్నాను. ఇంకోసారి అడగలేదు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడాది ముందు సంగతి. డిప్లొమా చదివి, సూర్యాపేటలో ఒక కంప్యూటర్ దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి, కెమెరాలూ నెట్ కనెక్షన్లూ బిగించే పనులు సొంతంగా పట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు పని దొరికింది. తిరుమలగిరి దగ్గర మా ఇంట్లో గొర్రెలు, కొంచెం పత్తి చేను. ఆడపిల్ల నిచ్చెనలెక్కి వైర్లు గుంజుతోందని చుట్టాలు చెవులు కొరుక్కుంటుంటే, నాయిన అందరి ముందరే తేల్చేశాడు. "ఈ మిల్లు పని సక్కగ అయితే నీ ఇష్టం. ఏమన్న తేడా వస్తే ఇగ సామాను ఇంట్ల వెట్టు, సంబంధాలు సూస్త." పైగా లారీలు తిరిగే చోటికి ఒక్కదాన్నే పంపనంటూ వెంట బయల్దేరాడు. కాపలాకు వస్తున్నాడో, తప్పు పట్టుకోవడానికి వస్తున్నాడో నాకు అంతుపట్టలేదు.

రైస్‌మిల్లు సేటు కోరిక ఒక్కటే. లారీలు తూచే కాటా దగ్గరి కెమెరా బొమ్మను ట్యాబ్‌లో చూసుకుంటూ ఆఫీసు నుంచి చివరి గోదాం దాకా నడవాలి, బొమ్మ ఎక్కడా ఆగకూడదు. ఒక్క వైఫై అంత దూరం అందదు. అందుకని కేబుల్ లాగి ఆఫీసులో, కాటా గదిలో, గోదాంలో వైఫై పంచే యాక్సెస్ పాయింట్ ఒక్కోటి పెట్టాను. మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. నడిచేవాడి చేతిలోని ట్యాబ్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని తనే పట్టుకోవాలి. ఛానళ్లు మాత్రం వేర్వేరుగా పెట్టాలి, లేకపోతే ఒకదాని మాట మీద ఇంకోటి అరుస్తుంది. ఫోన్లకూ ట్యాబ్‌లకూ నెట్‌వర్క్ అడ్రసులు పంచే పని ఆఫీసుదానికే అప్పజెప్పి, మిగతా రెండింట్లో ఆపేశాను.

సాయంత్రం ఫోన్ పట్టుకుని మిల్లంతా తిరిగాను. ఎక్కడా తెగలేదు. సేటు పొద్దున చూస్తానన్నాడు. ఆ ఊళ్లోనే ఉన్న మేనత్త ఇంట్లో దిగాం. తెల్లారి లేచేసరికి నాయిన లేడు. చాయ్‌కి పోయాడేమో అనుకుని మిల్లుకు వెళ్లిపోయాను.

సేటు ట్యాబ్ పట్టుకుని నడిచాడు. ఆఫీసు దాటాడు, కాటా దాటాడు. గోదాం గుమ్మంలో బొమ్మ ఆగిపోయింది.

"గిదేందమ్మా, నిన్న మంచిగుందంటివి?" అన్నాడు. "అన్నం తిన్నంక మళ్ల సూస్త. కాకుంటే వేరేటోళ్లను పిలుస్త."

ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోదాంలోని యాక్సెస్ పాయింట్‌ను పిలిచి చూశాను. పలికింది. వైరు బాగుంది, కరెంటూ ఉంది. మరి గాలిలోకి ఎందుకు రాదు? ఛానల్ మార్చాను. ఆపి మళ్లీ ఆన్ చేశాను. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. లేచాను, కూర్చున్నాను, గోళ్లు కొరుక్కున్నాను. చాయ్ తెచ్చినాయన మీద ఊరికే కసురుకున్నాను. పాపం, కప్పు పెట్టేసి పోయాడు. పెళ్లిచూపులకు నాకు కట్టబోయే చీర కూడా కళ్ల ముందు కదిలింది.

ఇక కూర్చోలేక గోదాంకి పరుగెత్తాను. గోడ మీద నేను బిగించింది కనిపించలేదు. దాని చోట ఆకుపచ్చ ఇనుప డబ్బా, దానికి తాళం. కింది రంధ్రంలోంచి నా వైర్లు లోపలికి పోయి ఉన్నాయి. బోరు మోటారు స్టార్టర్‌ను దొంగలు ఎత్తుకుపోకుండా మా వైపు పెట్టే డబ్బా అది. మా చేను దగ్గరిదే, తలుపు మీది సొట్ట నాకు తెలుసు. ఇనుములో పెట్టి మూసేస్తే సిగ్నల్ బయటికి ఎట్లా వస్తుంది?

నాయిన గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆ డబ్బా ఎవలు పెట్టమన్నరు నాయినా? దాంతోనే నా పని ఆగింది. నేను ఇంట్ల కూసోవాలెనని కావాలనే చేసినవా?" అందరూ వినేలా అరిచాను.

ఆయన ముఖం చిన్నబోయింది. బీడీ పారేసి లేచాడు.

"గట్లెందుకు జేస్త బిడ్డా? ఈడ ఎందరో వస్తరు, పోతరు. నీ సామాను ఎవడన్న ఎత్కపోతే పని ఖరాబైతది. గప్పుడు నిన్ను ఇంట్ల కూసోవెట్టాలె గద. అందరి ముందర అన్న మాటాయె. అందుకే పొద్దుగాల్నే వచ్చి, దాని లైట్లు వెలిగినయా లేదా సూసుకొనే తాళమేసిన."

మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

అంత మాట అన్నందుకు సిగ్గేసింది. డబ్బా తీసేసి, ఛానల్ మళ్లీ సర్దాను. సేటు అన్నం తిని వచ్చి గోదాం చివరి గోడ దాకా నడిచాడు, వెనక్కి నడిచాడు. బొమ్మ ఆగలేదు. "మంచిగుందమ్మా" అని ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో మళ్లీ అదే ఖంగు ఖంగు. వచ్చే వారం కోదాడలో ఒక హాస్టల్ పని ఉందని, ఆయన ముఖం చూడకుండా చెప్పాను. ఆయన కాళ్ల దగ్గరి సంచిని కదలకుండా పట్టుకున్నాడు.

"ఇనుపది పనికిరాదంటివి," అన్నాడు. "కోదాడకు కట్టె డబ్బా చేపిస్త. కట్టెదైతే ఏం కాదు గద?"

ఏం కాదని తల ఊపి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.