క్లచ్ పట్టినప్పుడు

తిరువూరు క్లచ్ మేస్త్రీ మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు చనిపోయారు. వయసు అరవై ఒకటి. టీ తాగుతూ కుర్చీలోంచి ఒరిగిపోయారని, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయిందని ఆయన భార్య చెప్పారు. ఆ సమయానికి ఆయన పేరు మీద ఒక తప్పు ఉంది. అది ఆయన చేసింది కాదు, నేను రాసింది. దాని కోసం ఆయన మూడుసార్లు మా ఆఫీసు మెట్లెక్కారు. నేను సరిదిద్దలేదు.

గంపలగూడెం రోడ్డులో ఆయనది రేకుల షెడ్డు. ఇంజను పని, బ్రేకుల పని అన్నీ చేసేవారు. కానీ క్లచ్ దగ్గర ఏదైనా వింత శబ్దం వస్తే, వేరే మెకానిక్కులు కూడా బండిని ఆయన దగ్గరికే పంపేవారు. అలా ఆ పేరు నిలిచిపోయింది.

పద్దెనిమిదేళ్ళ కిందట నేనొక పాత కారు కొని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. బల్ల మీద ఇద్దరు ఆటోడ్రైవర్లు కూర్చుని ఉన్నారు.

"కంప్లెయింటు ఏంటి సార్?"

"ఏదో సౌండు వస్తోంది మేస్త్రీ."

"ఎట్టా వస్తంది? నోటితో చెప్పండి."

నేను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "గర్ర్" అన్నాను.

"సార్, అది కారేనా, మీ ఇంట్లో మిక్సీనా?" అన్నాడు ఒక డ్రైవరు.

మేస్త్రీ నవ్వలేదు. "ఎప్పుడొస్తందో చెప్పండి సార్. ఎక్కడొస్తందో నేను చూసుకుంటా."

ఆయన పనంతా ఆ ఒక్క ప్రశ్న మీద నడిచేది. పెడల్ తొక్కినప్పుడు శబ్దం వస్తే రిలీజ్ బేరింగు అరిగినట్టు. అది చిన్న పని. పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు లోపలి బేరింగు. అది ప్రమాదం, బండి కదిలించకూడదు. ఎప్పుడు అన్నది తప్పితే ఎక్కడ అన్నది కూడా తప్పుతుంది. నేను అప్పటికే పదేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. ఎప్పుడు, ఎక్కడ అనే ప్రశ్నలు నావే అనుకునేవాణ్ణి.

పెడల్ తొక్కే పని ఆయన భార్యది. షెడ్డులో ఒక మూల ఆమె కుట్టుమిషను ఉండేది. బండి రాగానే జాకెట్టు గుడ్డ పక్కన పెట్టి వచ్చి సీట్లో కూర్చునేవారు. మేస్త్రీ బానెట్ మూసేసి, చక్రం పక్కన నేల మీద పడుకుని ఆమెకు కనబడేలా ఒక వేలు ఎత్తితే ఆమె తొక్కాలి, ముడిస్తే వదలాలి. ఆమెకు కారు నడపడం రాదు. ఎన్ని వందల బండ్ల క్లచ్ తొక్కారో ఆమెకే తెలియదు.

ఆయన అంచనా తప్పిన రోజులూ ఉన్నాయి. గంపలగూడెంలో ఒక టీచరు కారుకు రిలీజ్ బేరింగు పోయిందని చెప్పి, విప్పి చూస్తే బేరింగు బాగానే ఉంది. దాన్ని నెట్టే ఫోర్కు అరిగింది. టీచరుకు ఆ తేడా తెలిసే అవకాశమే లేదు. అయినా మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి ఆ ఊరు వెళ్ళి, బడి గేటు దగ్గర ఆయన్ని పిలిచి, "నిన్న మీకు తప్పు చెప్పానండి" అని చెప్పి వచ్చారు. దీని గురించి ఆటోవాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

గత వేసవిలో ఆ ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత ఎత్తు, చేత్తో గేర్లు మార్చే స్పోర్ట్స్ కారు. మా ఊరి మిల్లు యజమాని హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నారు. శబ్దం వస్తుంటే నేనే ఆయన్ని షెడ్డుకు తీసుకెళ్ళాను. క్షణాల్లో అరడజను మంది చుట్టూ చేరారు.

మేస్త్రీ భార్య తలుపు తెరిచి లోపలికి చూశారు. "ఇందులో కూర్చోవాలా, పడుకోవాలా?"

"ఎట్టాగో లోపలికి దిగు. పైకి ఎక్కించడానికి మేముంటాం," అన్నారు మేస్త్రీ.

ఆమె కాళ్ళు చాపి కూర్చున్నారు. వేలు లేచింది, ముడుచుకుంది. తొక్కితే నిశ్శబ్దం. వదిలితే స్టీలు డబ్బాలో శనగలు తిప్పుతున్నట్టు సన్నటి శబ్దం. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఈ మాట ఇప్పుడు రాయడం తేలికే.

ఆ కారు విప్పే పనిముట్లు తన దగ్గర లేవని మేస్త్రీ ముందే చెప్పారు. విజయవాడలో పెద్ద వర్కుషాపులో చూపించమని, వాళ్ళకివ్వమని ఒక చీటీ రాశారు. "క్లచ్ పట్టినప్పుడు సౌండు. బేరింగు మార్చాలి. మార్చేదాకా నడపొద్దు." ఏ బేరింగో రాయలేదు. "పెద్ద వర్కుషాపోళ్ళకి మనం చెప్పేదేముంది? ఎప్పుడొస్తందో తెలిస్తే చాలు వాళ్ళకి," అన్నారు.

మిల్లు యజమాని కారును లారీ మీద పంపించారు. వర్కుషాపులో రిలీజ్ బేరింగు మార్చి తిప్పి పంపారు. శబ్దం పూర్తిగా పోలేదని, కొత్త బేరింగు సర్దుకుంటే పోతుందన్నారని ఆయన తర్వాత నాతో చెప్పారు. తొమ్మిదో రోజున రెడ్డిగూడెం దాటాక గేరుబాక్సు బిగుసుకుపోయింది. వెనక చక్రాలు ఆగిపోయి కారు అడ్డం తిరిగి మామిడితోటలోకి దూసుకెళ్ళింది. యజమానికి భుజం దగ్గర ఎముక విరిగింది.

వర్కుషాపు వాళ్ళు ఆ చీటీ చూపించారు. మీ మేస్త్రీ రాసిందే చేశాం అన్నారు. మా పేపరు వారానికొకసారి, బుధవారం వస్తుంది. ఆ మంగళవారం సాయంత్రం నేను వార్త రాశాను. మేస్త్రీకి ఒకసారి ఫోను చేస్తే ఎత్తలేదు. రెండోసారి చేయలేదు. చీటీలో ఉన్న "పట్టినప్పుడు" అనే మాట పాఠకుడికి సులువుగా అర్థం కావాలని మార్చాను. "క్లచ్ తొక్కినప్పుడు శబ్దం వస్తోందని స్థానిక మెకానిక్ తప్పుగా సూచించడంతో" అని రాశాను. "మెకానిక్ పొరపాటు.. తోటలోకి కారు" అని శీర్షిక పెట్టారు.

మర్నాడు పది గంటలకు ఆయన పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, నేను పట్టినప్పుడు అని రాశా. మీరు తొక్కినప్పుడు అని వేశారు."

"రెండూ ఒకటే కదా మేస్త్రీ?"

"మీరు ఇప్పుడు మోటారుసైకిలు మీద తిరుగుతున్నారు. చేత్తో క్లచ్ పట్టుకుంటారు. అది మీ పట్టడం. పెడల్ వదిల్తే లోపల ప్లేటు పట్టుద్ది. అది మా పట్టడం. మీది ఎడ్డెమైతే మాది తెడ్డెం సార్. మీరు ఆ రోజు పక్కనే ఉన్నారుగా."

వర్కుషాపులో చీటీ చదివినవాళ్ళూ నాలాగే చదివారు. శబ్దం ఎప్పుడొస్తోందో వాళ్ళు స్వయంగా విని ఉండాల్సింది. విన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం విన్నాను.

"నాలుగు లైన్లు వేయండి చాలు," అన్నారు ఆయన.

"గేరుబాక్సు విప్పనీయండి. ఏ బేరింగు విరిగిందో తేలుతుంది కదా. అప్పుడు ఆధారంతో పూర్తి వార్తే వేద్దాం."

"విప్పేదాకా నేను తప్పు చేసినట్టేనా అండి?"

"అదేం లేదు మేస్త్రీ," అన్నాను. ఉంది. పేపర్లో ఉంది.

మిల్లు యజమానికీ వర్కుషాపుకీ మధ్య పరిహారం తగాదా వల్ల గేరుబాక్సును ఇరుపక్షాల ముందు విప్పాలన్నారు. ఆ తేదీ రెండుసార్లు వాయిదా పడింది. వాయిదా పడినప్పుడల్లా మేస్త్రీ వచ్చారు. రెండోసారి, "బండ్లు వేరే చోటికి పోతున్నాయి సార్, నాకు తెలుస్తానే ఉంది" అన్నారు. మూడోసారి గుమ్మంలో కాసేపు నిలబడి, ఎవరో ఫోనులో మాట్లాడుతున్నది పూర్తయ్యేదాకా విని, వెళ్ళిపోయారు.

షెడ్డు ముందు ఏం జరిగేదో ఆటోవాళ్ళే చెప్పారు. "ఏం మేస్త్రీ, చెవిలో గుబిలి తీయించుకోకూడదా?" అని ఒకడు అన్నాడట. ఇంకొకడు తన బండి తెచ్చి, "నా క్లచ్ తొక్కితే ఏ తోటలోకి పోద్దో చెప్పు" అన్నాడట. అంతకుముందు ఎవరేమన్నా తిరిగి అనేవారు. ఇప్పుడు అనలేదట. ఆఖరి నెలల్లో, వచ్చిన బండికి శబ్దం ఎప్పుడొస్తోందో అడగడం మానేసి, విప్పమంటే విప్పేవారని ఆయన భార్య అన్నారు. ఆమె కుట్టుమిషను ఇంటికి తెచ్చేసుకున్నారు.

నా వార్త వల్లే ఆయన చనిపోయారని రాయను. ఆయనకు బీపీ ఉంది, నాలుగేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు. ఈ రెండింటికీ ముడి ఉందో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంకొకటుంది. నేను ఆధారం కోసం ఆగుతున్నానన్నది నిజం కాదు. నా వార్తలో తప్పు బేరింగు గురించి కాదు. ఒక మాట గురించి. ఆ మాట చీటీ మీద ఉంది, చీటీ ఫోటో నా ఫోనులో ఉంది. దానికి గేరుబాక్సు విప్పాల్సిన పని లేదు. ఆయన వచ్చిన మొదటి రోజు పది నిమిషాల్లో సరిదిద్దగలిగేవాణ్ణి. అలా చేస్తే తప్పు నాదని నా పేపర్లో నేనే వేసుకోవాలి. పూర్తి వార్త వేస్తే ఆ తప్పు అందులో కలిసిపోతుందని అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన చేసి, ఊరి చివర సమాధుల తోటలో ఖననం చేశారు. ఆటోడ్రైవర్లు చాలామంది వచ్చారు. చెవి మాట అన్నవాడు మట్టి వేసి పక్కకెళ్ళి నిలబడ్డాడు. నేను ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. ఇలాంటి చోట వినబడే మాటలు నాకు తెలుసు. ఎన్నో చావుల వార్తలు రాశాను.

ఆమె నన్ను గుర్తుపట్టి, "ఆయనకి మీ మీద కోపం ఉందండి. లేదని నేను చెప్పను," అన్నారు.

సరేనమ్మా అన్నాను.

"మీరు రాస్తారని ప్రతి బుధవారం పేపరు తెప్పించేవోడు. జిల్లా పేజీ తీసి చూసి, నాకిచ్చేవోడు. నేను జాకెట్ల కటింగు కాగితాలకి వాడుకునేదాన్ని," అన్నారు.

ఇంటికొచ్చి సవరణ రాశాను. నాలుగు లైన్లు సరిపోలేదు, ఆరు అయ్యాయి. మెకానిక్ రాసింది సరైనదే అని, మాట మార్చింది ఈ విలేకరి అని అందులో ఉంది. వార్త వచ్చిన పేజీలోనే, అంతే సైజు శీర్షికతో వేయమని డెస్కును అడిగాను. ఒప్పుకున్నారు.

విజయవాడలో గేరుబాక్సు విప్పే తేదీ మళ్ళీ ఖాయమైంది. మేస్త్రీ తరఫున ఆయన భార్య వస్తున్నారు. విప్పకముందు దాని షాఫ్టును ఒకసారి చేత్తో, తిరిగినంతవరకు తిప్పి వినాలని ఆమె కోరారు. తనిఖీకి వచ్చే ఇంజనీరు సరేనన్నారు. లోపల ఏ బేరింగు విరిగి ఉంటుందో ఈ రోజుకి ఎవరికీ తెలియదు.

సవరణ వచ్చే బుధవారం పేపర్లో వస్తుంది. గేరుబాక్సు గురువారం పదకొండు గంటలకు విప్పుతారు.