గోడ మీది జడ్జిగారు

కార్ల సీట్లకి కవర్లు కుట్టే ఆయన్ని ఆ వీధిలో అందరూ జడ్జిగారూ అని పిలుస్తారు. ఆయన కోర్టు గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆ బిరుదు ఫుట్‌బాల్ క్లబ్బు గోడ మీద కూర్చుని సంపాదించుకున్నది. షాపుకి నాలుగిళ్ల అవతల క్లబ్బు గ్రౌండు, దాని చుట్టూ ఛాతీ ఎత్తు గోడ. సీజను మొదలయ్యే ముందు అక్కడ కుర్రాళ్లకి క్యాంపు పెడతారు. ఆ రోజుల్లో షాపులో సూదీ దారమూ వాటి మానాన అవి పడి ఉంటాయి. ఆయన గోడ మీద ఉంటాడు.

ఆయనకి చెరోపక్కా ఇద్దరు. ఒకరు బేకరీ ఆయన. తెల్లారేసరికి బ్రెడ్డంతా కాల్చేసి, మిగతా రోజంతా మనుషుల్ని కాల్చుకు తింటాడు. రెండో మనిషి జడ్జిగారి బావమరిది, బస్సు డ్రైవరు. ముగ్గురిలో ఒక్కరైనా బంతిని సరిగ్గా తన్నిన పాపాన పోలేదు. జడ్జిగారు చిన్నప్పుడు ఒకే ఒక్క రోజు గోల్‌కీపరుగా నిలబడ్డాడు. ఆ రోజు ఎన్ని గోల్స్ పడ్డాయని అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

అయినా తీర్పులకి లోటు లేదు. గోడ మీద చెల్లేవి మూడే మాటలు. పచ్చి, దోర, పండు. బంతి పోగానే చేతులు విసిరేసి పక్కవాణ్ణి తిట్టేవాడు పచ్చి. పోయిన బంతి వెంట పడేవాడు దోర. బంతి రాకముందే ఎటు నిలబడాలో తెలిసినవాడు పండు.

“ఆటదేముంది, ఎవడైనా నేర్చుకుంటాడు. బుద్ధి చూడాలి,” అంటాడు జడ్జిగారు. “ఫోమ్ ఒక్కసారి నొక్కితే చెప్పేస్తా, సీటు ఎన్నాళ్లుంటుందో. కుర్రాడూ అంతే.”

ఈ ముక్క అన్న రోజే గోడ మీద నీడ పడే జాగా కోసం బేకరీ ఆయనతో కీచులాడి మాటలు మానేశాడు. కానీ ఎదుటివాళ్ల బుద్ధి గురించి మాట్లాడుకోవాలంటే పక్కన ఎవరో ఒకరుండాలి కదా. అందుకని ఇద్దరూ రాజీ పడ్డారు.

ఈసారి క్యాంపులో జడ్జిగారి ఒక్కగానొక్క కొడుకు కూడా ఉన్నాడు. పదిహేడేళ్లొచ్చినా ఇంట్లో వాడు చంటిగానే ఉండిపోయాడు. బ్యాగు సర్దుకుని బయల్దేరుతుంటే జడ్జిగారు గుమ్మంలో ఆపాడు.

“చూడు చంటీ. నువ్వెన్ని గోల్స్ కొడతావో నాకనవసరం. క్యాంపు అయ్యేలోపు నీకు బుద్ధొచ్చినట్టు నా కళ్లకి కనబడాలి. కనబడలేదా, ఆఖరి రోజున మీ కోచ్‌కి చెప్పి క్లబ్బు మాన్పించి తీసుకొచ్చేస్తా. వచ్చి మిషను ముందు కూర్చోవాలి.”

ఉత్త బెదిరింపు కాదది. అప్పటికే అటక మీంచి రెండో కుట్టుమిషను దింపి, నూనె వేసి, తన మిషను పక్కన పెట్టించాడు. దాని ముందు స్టూలు కూడా వేశాడు. చంటి ఆ స్టూలు వంక ఒకసారి చూసి, “సరే నాన్నా” అని వెళ్లిపోయాడు. క్యాంపు అయ్యేదాకా కుర్రాళ్లు క్లబ్బు హాస్టల్లోనే ఉండాలి.

కొత్తగా వచ్చినవాళ్లకి సీనియర్లు గుండు కొట్టించడం ఆ క్లబ్బులో ఆనవాయితీ. మర్నాడు జడ్జిగారు గోడెక్కి చూస్తే గ్రౌండు నిండా గుండ్లే. అందరివీ ఒకే నారింజ రంగు బనీన్లు, వాటి మీద నంబర్లు లేవు. పైగా గోడ వైపు సగంలో కొత్త గడ్డి వేశారని అవతలి సగంలోనే ఆడిస్తున్నారు. అంత దూరానికి మొహాలు ఆనడం లేదు.

“మనోడేడి బావా?” అన్నాడు బావమరిది, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే ఒక గుండు, కోచ్ ఏదో అన్నాడని నీళ్ల సీసాని ఎగిరి తన్నాడు. సీసా గిరగిరా తిరుగుతూ వెళ్లి కోచ్ కాళ్ల దగ్గర పడింది.

“అదుగో, వాడే,” అన్నాడు జడ్జిగారు తడుముకోకుండా. “నా కొడుకు నాకు తెలీదా?”

బావమరిది సందేహంగా చూశాడు. పదిమందిలో ఒకడు వెధవ పని చేస్తే ఆ ఒక్కడూ తనవాడే అయ్యుంటాడని జడ్జిగారికి గట్టి నమ్మకం. ఆయన తండ్రి ఆయన్ని పెంచిన తీరే అది. ఇంట్లో ఏ గ్లాసు పగిలినా ముందు ఈయన వీపు విమానం మోత మోగేది. పగలగొట్టిందెవరన్నది తీరిగ్గా తేలేది, ఒక్కోసారి తేలేదే కాదు. ఆ దెబ్బలు మర్చిపోయాడు గానీ లెక్క మాత్రం అలాగే వంటబట్టింది.

ఇక అక్కణ్ణుంచి సీసా గుండు ఏం చేసినా గోడ మీంచి “పచ్చి! పచ్చి!” అని అరవడమే. కన్నకొడుకని కూడా చూడకుండా తీర్పిస్తున్నాడని బేకరీ ఆయన మెచ్చుకునేసరికి జడ్జిగారు ఇంకాస్త గొంతు పెంచాడు.

డిఫెన్సులో మరో గుండు ఉండేవాడు. వాడి తీరే వేరు. నోట్లో నాలుక లేనట్టుండేవాడు. తన తప్పు కాకపోయినా చెయ్యెత్తి ఒప్పుకునేవాడు. ఎక్కడ బంతి పడుతుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. జడ్జిగారు వాడికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు.

“శభాష్ పెద్దమనిషీ! పండురా నువ్వు, పండు!” అని ఒకరోజు గోడ మీద లేచి నిలబడి అరిచాడు. “ఏ మహాతల్లి కన్నదో గానీ, కంటే అలాంటి కొడుకుని కనాలి!”

ఆ గుండు ఆగి, గోడ వైపు కాసేపు చూసి, మళ్లీ ఆటలో పడ్డాడు.

ఆదివారం ఆ మహాతల్లి, అంటే జడ్జిగారి భార్యే, హాస్టలుకెళ్లి కొడుకుని చూసొచ్చింది. “పిల్లాడు ఎంత నిమ్మళంగా ఉన్నాడో,” అంది.

“నీ ముందు అలాగే ఉంటాడు. గ్రౌండులో చూడు, ఊరేగుతున్నాడు,” అని జడ్జిగారు ఫోను అందుకున్నాడు. “ఏరా, కోచ్ మీదకి సీసాలు తన్నేంత మొనగాడివయ్యావా?”

“నాన్నా, అది నేను...” అని ఏదో చెప్పబోయాడు చంటి.

“నోర్ముయ్! డిఫెన్సులో ఆడతాడే, ఆ కుర్రాణ్ణి చూసైనా నేర్చుకో. వాడి కాలిగోటికి సరిపోతావా నువ్వు?”

అవతల్నుంచి చంటి, “వాడు అంత బాగా ఆడుతున్నాడా నాన్నా?” అన్నాడు.

“ఆడటమా! చూస్తుంటే కడుపు నిండిపోతోందిరా!”

“సరే నాన్నా,” అన్నాడు చంటి. మళ్లీ ఆ సీసా ఊసెత్తలేదు.

ఆఖరి రోజున పూర్తి గ్రౌండులో ఆట పెట్టారు. గోడ దగ్గర కూడా ఒక గోల్ పోస్టు లేచింది. కోచ్‌తో మాట్లాడి కొడుకుని తీసుకుపోదామని జడ్జిగారు ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఆట సగంలో గోడ వైపు పెనాల్టీ వచ్చింది. నేను కొడతానంటే నేను కొడతానని సీసా గుండు ఇద్దరితో పెనుగులాడి బంతి లాక్కున్నాడు.

“ఒరేయ్ చంటీ! పొగరు తగ్గించుకుని కింద నుంచి కొట్టరా!” అని జడ్జిగారు గొంతు చించుకున్నాడు.

చంటి ఎవరా అని ఆ గుండు వెనక్కీ పక్కకీ చూశాడు. చేట చెవులు, చప్పిడి ముక్కు, ఆ మొహాన్ని జడ్జిగారు జన్మలో చూసి ఎరగడు.

“బావా,” అన్నాడు బావమరిది నెమ్మదిగా. “వీడు మనోడు కాడు.”

ఆలోగా ఆ కుర్రాడు బంతిని ఆకాశానికి తన్నేశాడు. అది పోస్టు మీంచి, గోడ మీంచి వెళ్లి బేకరీ ఆయన ఒళ్లో పడింది. తన్నినవాడు గుండు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. గ్రౌండు అవతలి కొస నుంచి పెద్దమనిషి పరుగెత్తుకుంటూ గోడ దగ్గరికొచ్చాడు.

“నాన్నా, బాల్ ఇటివ్వు.”

బేకరీ ఆయన బంతిని జడ్జిగారి చేతిలో పెట్టాడు. జడ్జిగారికి దాన్ని ఏం చెయ్యాలో తోచలేదు. చెమటలు కారుతున్న కొడుకు మొహం చూస్తూ ఉండిపోయాడు.

“నువ్వట్రా?” అన్నాడు చివరికి. “ఇన్నాళ్లూ అది నువ్వేనా? ఫోన్లో అన్ని తిట్లు తిన్నావు. నేను కాదు నాన్నా అని ఒక్క మాట చెప్పొచ్చు కదరా.”

చంటి తల దించుకుని చేతులు బనీనుకి తుడుచుకున్నాడు.

“చెబితే, అది నేనని తెలిసిపోతుంది కదా నాన్నా. ఇంక మెచ్చుకోవు.”

కోపంగా అనలేదు వాడు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. జడ్జిగారు బంతిని రెండు చేతులతో అందించాడు. చంటి దాన్ని పట్టుకుని, వెళ్లే దారిలో కూలబడ్డవాణ్ణి చెయ్యిచ్చి లేపి, తన చోటికి పరుగెత్తాడు.

కోచ్ దగ్గరికి వెళ్లే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. బావమరిది ఒకసారి “శభాష్ రా!” అని అరిచి, బావ వంక చూసి ఊరుకున్నాడు. జడ్జిగారు కూడా అరుద్దామని గోడ మీద లేచి నిలబడ్డాడు. చంటి అని పిలవాలో పెద్దమనిషి అని పిలవాలో ఆయనకి తెలియలేదు.